ముప్పై ఒకటో రాయి

ఐశ్వర్యా, ఆ ఫోను అవతల పెట్టి ఇట్లా నా మోకాలికి ఆనుకుని కూర్చో. ఇంకొంచెం దగ్గరికి జరుగు, నా గొంతు మునుపటిలా లేదు. పోయినేటి మామిడికాయల కాలమంతా నువ్వు రేణిగుంట ఫ్యాక్టరీ హాస్టల్లోనే ఉన్నావు. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య మీ అక్క ఫోన్లో ఒక ముక్క చెప్పింది, మీ అమ్మ ఇంకో ముక్క చెప్పింది, మీ నాయన ఏమీ చెప్పలేదు. ముక్కలేరుకుంటే పెంకులు చేతికొస్తాయి గానీ కుండ రాదు. మొదటి నుంచీ నేను చెబుతాను. ఇది నీదాకా వచ్చే సంగతి, నువ్వు వినాల్సిందే.

ఊరి వెనక కోన నీకు తెలుసు. చిన్నప్పుడు నా కొంగు పట్టుకుని నేరేడు పండ్లకు వచ్చేదానివి. రెండు గుట్టల నడుమ ఇరుకులో, రోహిణి కార్తెలో కూడా చెలమ ఆరని చోటు. బయట బండలు పెనంలా కాలుతుంటే లోపల మద్దిచెట్ల కింద మట్టి తడిగా, మెత్తగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా నేలమీద ఎండ పొడ పడదు. మగవాళ్ళకు అది వట్టి వెనక కోన. ఆడవాళ్ళం మాత్రం మాలో మేము దాన్ని ఉయ్యాలకోన అంటాం. మగవాళ్ళు దాంట్లోకి రారు. ఎందుకు రాకూడదో వాళ్ళ అమ్మలు ఏనాడూ చెప్పలేదు. 'ఆడ మీకేం పని' అని కసిరారు, వాళ్ళు అంతటితో మానుకున్నారు.

పేరు పెట్టకముందే పోయిన బిడ్డలను మన ఊళ్ళో శ్మశానానికి తీసుకుపోరు. అత్తో, మంత్రసానో గుడ్డలో చుట్టి కోనలోకి ఎత్తుకుపోతుంది. తల్లి వెంట పోదు. ఒక చెట్టు మొదట్లో గుంత తీసి, మట్టి కప్పి, చెలమలోంచి నున్నటి రాయి ఒకటి తెచ్చి పైన పెట్టి పసుపు పూస్తుంది. తల్లి లేచి తిరిగినాక, మొదటిసారి కట్టెలకు పోయినప్పుడు ఆ రాయి ఏదో చూపిస్తుంది. అంతే. ఆ తర్వాత దాని మాట ఎత్తకూడదు. ఒకరి రాయి దగ్గర ఇంకొకరు నిలబడకూడదు. ఎన్ని రాళ్ళని లెక్కపెట్టకూడదు. మగవాళ్ళ చెవిన వేయనే కూడదు.

ఆ చెప్పకపోవడమే మన కొంప మీదకు తెచ్చింది.

తోతాపురి కాయలు రంగు తిరిగే రోజులు. ఒక పొద్దున కోన ముఖానికి పోయేసరికి గుట్ట చుట్టూ ఎర్రగుడ్డలు కట్టిన మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. కంకర క్వారీ అట. గుట్టను పేల్చి, మిషను పెట్టి పిండి చేస్తారట. కోనలోకి లారీల దారి. మీ అక్క రూపశ్రీ తిరుపతిలో డిగ్రీ చదివిన పిల్ల కదా, ఆఫీసుల చుట్టూ నాలుగు రోజులు తిరిగి ఒక కాగితం నకలు తెచ్చింది. మీ నాయన చేతులు కడుక్కుని అన్నానికి కూర్చోగానే దాన్ని కంచం పక్కన పెట్టింది.

"నాయనా, ఇది నీ సంతకమే గదా?"

నా కొడుకు ధనంజయ, అంటే మీ నాయన, అప్పటికి ఊరి అడవి సంఘానికి ప్రెసిడెంటు. కాగితం కేసి ఒకసారి చూసి ముద్ద కలుపుకున్నాడు.

"నాదే. ఏం?"

"ఆ కోనలో గుళ్ళు లేవు, సమాధులు లేవు, ఊరోళ్ళ వాడకం ఏమీ లేదని రాసినావు."

"ఉన్నిందే రాసినాను. ఏముండాది ఆడ? ముండ్లపొదలు, కోతులు. కంపెనీ గోవిందస్వామి వచ్చి మాట్లాడినాడు. ఊర్లో పదిమంది పిల్లోళ్ళకు ఈడనే పని దొరుకుతాది. నీ సెల్లెలు రేణిగుంటలో నీళ్ళ సాంబారు తాగే కర్మ తప్పతాది. ఇందులో తప్పేముండాదో నువ్వే సెప్పు."

మీ అక్క నాకేసి చూసింది. మీ అమ్మ కూడా చూసింది. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను. వాడు అబద్ధం రాయలేదమ్మా. వాడికి తెలియదు. తెలియకుండా యాభై ఏళ్ళు పెంచింది నేనే.

మర్నాడు మామిడితోటలో కాయలు రాశి పోస్తూ ఆడవాళ్ళం కూడుకున్నాం. అడవి హక్కుల చట్టమని ఒకటుందని, మన పెద్దల కాలం నుంచి అక్కడ సమాధులున్నాయని చూపిస్తే ఊరు హక్కు అడగవచ్చని, పెద్దవాళ్ళ నోటిమాట కూడా సాక్ష్యమేనని మీ అక్క చెప్పింది. "ఎవరివి, ఎప్పటివి, ఎన్ని అని రాసియ్యాల. ఆఫీసరమ్మ వచ్చి సూస్తాది" అంది.

కాయలు ఒక్కొక్కటే రాశి మీద పడుతున్నాయి.

"మగోళ్ళ ముందర నిలబడి సెప్పాల్నా?" అంది చివరికి ఒకామె.

"సెప్పాల."

"నా మొగునికే తెలీదే. ముగ్గురు పిల్లోళ్ళే అనుకుంటాండాడు. నాలుగో నెల్లోనే పడిపోయింది, ఆయన లారీ మింద ఉన్నప్పుడు."

చర్చికి పోయే కృపామణి, మన ఎదురింటామె, చేతిలో కాయ రాశి మీదకు విసిరింది. "నాదీ ఒకటి ఉండాది ఆడ. పాస్టరయ్యకు కూడా సెప్పలేదు నేను. సెప్పుంటే ప్రార్థన పెట్టి, ప్లేటు పట్టి ఊరంతా తిప్పుండును. ఇప్పుడు మిషనోడు వచ్చి నా బిడ్డను కంకర చేసి రోడ్డుకేస్తా అంటే నోరు మూసుకోని ఉండమంటారా? రాయి పాపా, నాదే మొదట రాయి."

కొందరు నవ్వారు. ఒకామె నవ్వుతూనే ముక్కు చీదుకుంది. పేర్లు అట్లా మొదలయ్యాయి. బతికున్నవాళ్ళు తమవి తాము చెప్పారు. పోయినవాళ్ళవి నేను చెప్పాను. చదువు లేకపోయినా నాకు మరుపు లేదని నీకు తెలుసు. మా అత్త మొదటి కాన్పు దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడు, తెల్లమద్ది కింద. చాకలి మునిలక్ష్మిది గంజి పోసిన కరువు ఏడు, చెలమకు ఎగువన. అట్లా చెట్టు చెట్టూ చెప్పుకుంటూ పోయాను. మీ అక్క రాసుకుని, "ముప్పై, అంతేనా అవ్వా?" అంది.

"అంతే" అన్నాను.

అంతే కాదు. ఒకటి వదిలేశాను.

అదేమిటో ఇప్పుడు చెబుతాను, బెదరకు. నాకు కాన్పయింది ఆషాఢంలో ఒక మంగళవారం. ఆడపిల్ల. ఏడవలేదు. మా అత్త కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి వీపు చరిచింది, ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టింది, ఏడవలేదు. మీ తాత బావులు తవ్వే పనికి మైసూరు వైపు పోయి అప్పటికి మూడు నెలలు. నా ఆడపడుచు శకుంతలమ్మకు అప్పుడు పదిహేడేళ్ళు, పెళ్ళి కాలేదు. మా అత్త దాన్ని మామిడితోట కొట్టంలో పెట్టి, అమ్మవారు పోసిందని ఊరికి చెప్పి, వాకిట వేపమండలు కట్టింది. వేపమండలు కట్టిన గడప ఎవరు తొక్కుతారు? శకుంతలకు పోసింది అమ్మవారు కాదు. ఎవరి వల్ల అని మా అత్త అడిగిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు.

ఆడపిల్లను కోనకు తీసుకుపోయిన సంగతి బయటికి పొక్కనివ్వలేదు. రెండు రోజులు వాకిలి తలుపు తీయలేదు. గురువారం మధ్యాహ్నం, ఊరంతా చేల మీద ఉన్నప్పుడు, మా అత్త చాట మీద వేపాకు కప్పుకుని వచ్చింది. వేపాకు తీసేస్తే లోపల మగబిడ్డ. నా పక్కన దించి, "పాలు పడినాయా?" అంది. పడ్డాయి అన్నాను. అంతకుమించి ఆ ఇంట్లో ఆ విషయం మీద మాట లేదు.

ఆ బిడ్డే మీ నాయన.

మీ తాత వచ్చి కొడుకు పుట్టాడని ఊరంతా బెల్లం పంచాడు. తెలియకుండానే పోయాడు. మా అత్త పోయింది. శకుంతలను రెండేళ్ళకు నగరిలో బియ్యం కొట్టాయనకు ఇచ్చారు. దానికి మళ్ళీ కడుపు పండలేదు. ఇప్పుడు చెప్పు, ఆ రాయి నాదంటే ఊరేమంటుంది? 'మునెమ్మకు ఒక్కటే కాన్పు గదా, అది పోతే మరి ఈ కొడుకు యాడోడు?' అంటుంది. కోన కోసం కొడుకును పోగొట్టుకోవాలా? ఒక్క రాయే కదా, ముప్పై చాలవా అనుకున్నాను.

ఆఫీసరమ్మ వచ్చే రోజుకు ముందు శకుంతలమ్మ నగరి బస్సు దిగింది. మీ అక్క పిలిచిందట, పాతకాలం మనిషి కదా, సాక్ష్యం చెబుతుందని. మధ్యాహ్నం మేమిద్దరం దొడ్లో కూర్చున్నాం. అది వక్క నములుతూ గోడకేసి చూస్తూ అడిగింది.

"ఆ రాయి రాయించినావా వదినా?"

"లేదు."

"మంచి పని సేసినావు. వాడు తట్టుకోలేడు." వక్క పిప్పి ఉమ్మి మళ్ళీ అంది. "వాడికి నీళ్ళు కాగినాయో లేదో సూడు పో. తోట నుంచి వచ్చే యాళయింది."

యాభై ఏళ్ళలో అది వాడి గురించి అంతకంటే ఎక్కువ మాట్లాడింది లేదు.

తెల్లవారి మేము బుద్ధి తక్కువ పని ఒకటి చేశాం. మొదటిసారి కోనలోకి కొత్త మనుషులు వస్తున్నారు, పిల్లలు మాసిన మొహాలతో కనిపించకూడదని పొద్దున్నే అందరం పోయి రాళ్ళన్నీ కడిగి పసుపు పూశాం. నేను ముందు వరసలోవి పూసుకుంటూ పోయి, ఎవరూ చూడటం లేదని చూసుకుని, చివరన అడవిమామిడి కింద ఉన్నదానికీ పూశాను. వేలు ఆగలేదు. ఏటా పూసే వేలు.

పదిగంటలకు జీపులొచ్చాయి. ఆఫీసరమ్మ చిన్న వయసు పిల్ల. చెప్పకుండానే చెప్పులు బయట వదిలింది. ఆమె వెంట సర్వేయరు, గోవిందస్వామి, వాళ్ళ వెనక మీ నాయన. కోనలో అడుగుపెట్టగానే మీ నాయన తలెత్తి చెట్లకేసి చూశాడు. ఇంత చల్లగా ఉంటుందని తెలియనట్టు ఒకసారి చేయి చాపి గాలిలో పెట్టి చూసుకున్నాడు.

గోవిందస్వామి ఒక రాయి దగ్గర వంగి వేలితో గీరాడు. వేలు పచ్చగా అయింది. దాన్ని ఆఫీసరమ్మకు చూపించాడు.

"సూడండి మేడమ్, తడి ఆరలేదు. నిన్నో మొన్నో పెట్టిన రాళ్ళు ఇవి. ఏట్లో రాళ్ళకు కరువా? పసుపు పూస్తే ప్రతిదీ సమాధే."

"నీ మొహానికి పూసినా సమాధి కాదులే, భయపడాకు" అంది కృపామణి.

ఆఫీసరమ్మ నవ్వలేదు. తెల్లమద్ది కింద మా అత్త బిడ్డ రాయి దగ్గర గొంతుక్కూర్చుంది. వేరు దాన్ని సగం మింగేసి ఉంది. చేత్తో కదిలించి చూసింది, కదల్లేదు. "ఇది పాతదే" అంది. తర్వాత లేచి, "అన్నీ ఇట్లా లేవు. జాబితా ఉంది కదా. ఏ రాయి ఎవరిదో వాళ్ళు పోయి దాని దగ్గర నిలబడండి. సర్వేయరు రాసుకుంటాడు" అంది.

ఐశ్వర్యా, నేను చాలా చూశాను గానీ అట్లాంటిది చూడలేదు. తల వంచుకుని ఒక్కొక్కరే పోయి నిలబడ్డారు. డెబ్బై ఏళ్ళవాళ్ళు, పాతికేళ్ళవాళ్ళు. కృపామణి పోయి నేరేడు కింద కూర్చునేసింది. పోయినవాళ్ళ రాళ్ళ దగ్గర వాళ్ళ కూతుళ్ళో కోడళ్ళో నిలబడ్డారు. కాసేపటికి ఏ చెట్టు కింద చూసినా మనిషే.

అడవిమామిడి కింద మాత్రం ఎవరూ లేరు.

"ముప్పై ఒకటి ఉన్నాయి మేడమ్" అన్నాడు సర్వేయరు. "కాగితంలో ముప్పై."

మీ అక్క నా దగ్గరికి వచ్చింది. "అవ్వా, అది ఎవరిది? నువ్వు సెప్పలేదే."

గోవిందస్వామి చేతులు కట్టుకున్నాడు. "ఎవరిదో తెలీని రాయికి కూడా పసుపు పూసినారు సూసినారా? ఒకటి ఉత్త రాయైతే ముప్పై ఎందుకు కావు మేడమ్? రాసుకోండి, సాలు."

అప్పుడు నా పక్కన శకుంతలమ్మ కదిలింది. అడవిమామిడి వైపు ఒక అడుగు వేసింది. ఏం చేయబోతున్నదో నాకు అర్థమైంది. ఆ రాయి తనదంటుంది. పెళ్ళికి ముందు కన్నానని, చచ్చి పుట్టిందని అంటుంది. తలకొట్టేసినట్టవుతుంది దానికి. కానీ కోన మిగులుతుంది, ధనంజయ నాకు మిగులుతాడు. ఊరకుంటే చాలు, నాకు రెండూ దక్కుతాయి.

ఒక్క క్షణం ఊరకున్నాను కూడా. నీ దగ్గర దాచడమెందుకు.

తర్వాత దాని మణికట్టు పట్టుకున్నాను. బతికిన బిడ్డను ఇదివరకే నాకిచ్చింది. నా చచ్చిన బిడ్డను కూడా ఇప్పుడు అదే మోయాలా? ఆ పిల్లకు పేరు లేదు, ఏడ్చిన గొంతు లేదు. తల్లి ఎవరో అదొక్కటే ఉంది. అది కూడా తప్పు రాయిస్తే ఇంక దానికేం మిగులుతుంది?

"నువ్వుండు శకుంతలా" అని నేనే పోయి నిలబడ్డాను. "ఇది నాది."

మీ అక్క చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఎప్పుడు పెద్దమ్మా?" అంది ఆఫీసరమ్మ.

"ఆషాడంలో. మంగళారం."

"ఏ సంవత్సరం?"

అంకెలు నాకెక్కడివి. కరువనీ గాలివాననీ అందరివీ దేనికో ఒకదానికి ముడేసి చెప్పాను. దీన్ని ముడేయడానికి ఒక్కటే ఉంది.

"మా ధనంజయ పుట్టిన ఏడు. ఇది పోయింది మంగళారం. వాడు పుట్టింది గురువారం."

చెలమలో నీళ్ళు కారే చప్పుడు వినబడింది. ఆఫీసరమ్మ నాకేసి, మీ నాయనకేసి చూసింది. మంచి పిల్ల. తెలిసే అందో, తెలియక అందో, "కవలలా పెద్దమ్మా?" అంది.

ఔనంటే అయిపోయేది.

"కాదమ్మా" అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. సర్వేయరును రాసుకోమని సైగ చేసి మీ నాయన వైపు తిరిగింది. "ఇక్కడేమీ లేదని సంతకం పెట్టింది మీరే కదా. ఇప్పుడేమంటారు?"

మీ నాయన నా వైపు చూడలేదు. శకుంతలమ్మ వైపు చూడలేదు. నా కాళ్ళ దగ్గరున్న రాయికేసి చూస్తూ చెప్పాడు. "నాకు తెలీనిదాన్ని లేదని రాసినాను మేడమ్. అది కొట్టేయండి. ఉండాదని రాసుకోండి."

గోవిందస్వామి "ఏందప్పా ధనంజయా" అన్నాడు. మీ నాయన అప్పటికే నడిచి వెళ్ళిపోయాడు.

శకుంతలమ్మ ఆ సాయంత్రం బస్సుకే నగరి పోయింది. గుట్ట పని ఆగింది, కాగితం ఇంకా ఆఫీసులోనే ఉంది, ఏమవుతుందో తెలియదు. మేకులు కూడా పీకలేదు, చూసే ఉంటావు. ఊళ్ళో నాలుగు నోళ్ళు లేవకపోలేదు. కొళాయి దగ్గర ఒకామె "ఏం మునెమ్మక్కా, ఇంతకాలం..." అని మొదలుపెడితే కృపామణి బిందె దించి, "నీ ఇంటి సంగతి నేను మొదలుపెట్టాల్నా? పొద్దు చాలదు, సూసుకో" అంది. ఆమె బిందె సగంలోనే ఎత్తుకుని పోయింది.

మీ నాయన మాత్రం ఇంటికి రాలేదు. కోతలున్నాయని తోట కొట్టంలోనే పడుకున్నాడు. తాను పుట్టిన కొట్టం అదేనని వాడికి తెలియదు, నేను చెప్పలేదు. మీ అమ్మ క్యారియర్ పంపేది. పన్నెండు రోజులు. నేను రోజూ రెండు పూటలా వాడి కంచం కడిగి బోర్లించేదాన్ని.

పదమూడో రోజు పొద్దువాలే వేళకు వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు, చెప్పులు విప్పకుండా.

"నగరికి పోయొచ్చినాను" అన్నాడు. కోనలో శకుంతల వేసిన అడుగు వాడూ చూశాడు.

"ఊఁ."

"కొట్లో బస్తా మింద కూసోబెట్టి కాఫీ ఇచ్చింది. ఏమని పిలవాల్నో తెలీలేదు. అత్తా అనే అన్నాను, అలవాటు గదా."

"ఏమనింది?"

"అట్లే పిలవమనింది." చాలాసేపు వేళ్ళ గోళ్ళలో మామిడి జిగురు గీరుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు. "మా, ఆ పాప బతికుంటే నన్నేం సేసుండును జేజి?"

వాడు జేజి అనేది మా అత్తను. ఆ మాట అడుగుతాడని నేను అనుకోలేదు. ఏదో ఒకటి చెప్పవచ్చు. మా అత్త నిన్ను దండిగా చూసుకునేదని చెప్పవచ్చు. కానీ దాచిపెట్టి ఏం బాగుపడ్డామో చూశాను కదా.

"నేను లేచి తిరిగినాక మా అత్త కోనకు పిలుచుకోని పోయి రాయి సూపించింది" అన్నాను. "దాని పక్కన ఇంకో గుంత ఉన్నింది. తవ్వి, పూడ్చకుండా వదిలేసింది. ఆకులు పడి అదే నిండిపోయింది."

వాడు నాకేసి చూశాడు. మా అత్త రూపు వాడిలో ఎక్కడా లేదు. శకుంతల కళ్ళు. యాభై ఏళ్ళు ఆ కళ్ళను చూసీ చూడనట్టు చూశాను. ఆ రోజు తిన్నగా చూశాను.

వాడు లేచాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. చెప్పులు విప్పి గోడవార పెట్టి లోపలికి వచ్చి, "అన్నం పెట్టు మా" అన్నాడు.

పెట్టాను. తిన్నాడు.

అదమ్మా జరిగింది. నగరిలో ఉన్నామె నీకెవరవుతుందో ఇప్పుడు తెలిసింది కదా. ఈసారి సెలవు దొరికితే పోయి ఒక పూట ఉండి రా. ఇంకొకటి నీ దగ్గర అడుగుతున్నాను. మీ నాయనకు ఈ సంగతి నోటికి రాదు. మీ అక్క కాగితంలో రాసింది, కాగితాలు ఆఫీసుల్లో పోతాయి. రేపు నేరేళ్ళ కాలానికి నిన్ను కోనకు తీసుకుపోయి చెట్టు చెట్టూ చూపిస్తాను, పేర్లు వరసగా నోటికి పట్టుకో. నీకు పిల్లలు పుడితే, మగపిల్లలైనా సరే, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి చెప్పు. ఒకటి వదిలేసి చెప్పకు. ముప్పై ఒక్క రాళ్ళూ చెప్పు. రాయి పెట్టని ఆ గుంత కూడా చెప్పు.